కమాండర్ కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ రాతప్రతి అంది పది రోజులైంది. ఒకసారి గబగబా చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, పక్కన అట్లాసు పెట్టుకుని చదివాను. ఇంకా జవాబు రాలేదేమిటా అని టెన్షన్ పడి ఉంటావు. బాగోలేక ఆలస్యం చేయలేదు. చదువుతుంటే నా పాత సంగతులు కొన్ని గుర్తొచ్చి, రెండు రోజులు కాగితాలు మూసేసి కూర్చున్నాను. అవేమిటో కింద చెప్తాను.

ముందు నా సంతోషం చెప్పుకోనీ. అఫ్ఘాన్ కమాండర్ జలాలుద్దీన్ హక్కానీ జీవితాన్ని తెలుగులో పుస్తకంగా రాయాలని పాతికేళ్ల పిల్ల పూనుకోవడం చిన్న విషయం కాదు. కాబూల్‌లో బాంబు పేలితే మన పేపర్లలో ఆ రోజు మొదటి పేజీ వార్త. మర్నాడు లోపలి పేజీ. మూడో రోజు ఏమీ ఉండదు. అలాంటి చోట నువ్వు 1939 ప్రాంతంలో పక్తియా కొండల్లో పుట్టిన ఒక మనిషి వెంట, 2018లో అతను పోయాడని తాలిబాన్ ప్రకటించేదాకా నడిచావు. ఆ ఓపికకు దణ్ణం పెట్టాలి.

ఇక ఫిర్యాదు. మొదటి అధ్యాయంలో అతను గుహలోంచి పులిలా దూకాడు. నాలుగో అధ్యాయం దాకా పులే. ఏడో అధ్యాయానికి వచ్చేసరికి రక్తపిపాసి అయ్యాడు. ఈ రెండింటి మధ్య మనిషి ఎక్కడ మారాడా అని వెతికితే దొరకలేదు. మళ్లీ తిరగేస్తే సంగతి అర్థమైంది. మొదటి నాలుగు అధ్యాయాలకు నువ్వు చదివినవన్నీ ఎనభైల నాటి రాతలు. మిగతావాటికి చదివినవి 2001 తర్వాతి రాతలు. వాళ్లు ఏ పేరు పెడితే నువ్వూ ఆ పేరే పెట్టుకుంటూ పోయావు.

ఈ తప్పు నీకంటే ముందు నేను చేశాను. ఎనభైల్లో ఒక దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌ని. రాత్రి షిఫ్టులో టెలిప్రింటర్ మీద వచ్చిన ఇంగ్లీషు కాపీని తెలుగు చేయడం నా పని. అందులో రష్యన్లతో పోరాడే అఫ్ఘాన్ ముజాహిదీన్‌ను ఏమని రాస్తే నేనూ అదే రాసేవాణ్ణి. ‘స్వాతంత్ర్య సమరయోధులు’ అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ మాట వింటే మన పాఠకుడికి అల్లూరి సీతారామరాజు కళ్ల ముందు నిలబడతాడన్న ఆలోచన ఒక్క రాత్రి కూడా రాలేదు. 2008 జులైలో కాబూల్‌లో మన ఎంబసీ దగ్గర బాంబు పేలినప్పుడు, అదే చేత్తో ‘ఉగ్రవాద ముఠా’ అని హెడ్డింగ్ పెట్టాను. ఆ రాత్రి ఇంటికొచ్చి అటక మీది కటింగుల ఫైలు దింపాను. ఖోస్త్ దగ్గర రష్యన్లతో తలపడుతున్న ఒక మౌలవీ గురించిన చిన్న వార్త. పేరు జలాలుద్దీన్. నా అనువాదమే. పొద్దున దాకా నిద్రపట్టలేదు. రెండు వార్తల్లోనూ నేను కల్పించిందేమీ లేదు. కానీ ఒకే మనిషికి రెండు పేర్లు పెట్టి, మధ్యలో ఏం జరిగిందో పాఠకుడికి ఒక్క ముక్క చెప్పలేదు. నువ్వు రాయబోయేది ఆ మధ్యలో జరిగిన సంగతి. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మన భాషలో ఇంకో చిక్కుంది. ఇంగ్లీషులో రాసేవాళ్లకు ఒక్క సర్వనామంతో పని జరిగిపోతుంది. మనం వాడు అనాలా, అతను అనాలా, ఆయన అనాలా అని ప్రతి వాక్యంలోనూ తేల్చుకోవాలి. నీ రాతప్రతిలో ‘ఆయన’ 1991 దాకా ఉన్నాడు, ‘అతడు’ 2001 దాకా, ఆ తర్వాత ‘వాడు’. నువ్వు కావాలని చేసి ఉండవు. కానీ పాఠకుడు నీ వాదన వినకముందే నీ సర్వనామం తీర్పు చెప్పేస్తోంది. పుస్తకమంతా ‘అతను’ అను. అతని అనుచరుడు మాట్లాడితే ‘మౌలవీ సాబ్’ అననీ. బాంబులో కొడుకును పోగొట్టుకున్న తల్లి మాట్లాడితే ‘వాడు’ అననీ. వాళ్ల నోట్లో ఆ మాటలకు బరువుంటుంది. నువ్వు మాత్రం ‘అతను’ దగ్గర నిలబడు.

కథ ఎక్కడ మొదలుపెట్టాలి? అందరిలాగే నువ్వూ 1979 డిసెంబర్లో, రష్యన్ ట్యాంకులతో మొదలుపెట్టావు. వెనక్కి జరుగు. అతను జద్రాన్ తెగ పష్తూన్. 1960ల్లో పెషావర్ దగ్గరి అకోరా ఖట్టక్‌లో దారుల్ ఉలూం హక్కానియాలో చదివాడు. ఇంటిపేరులా వినిపించే ‘హక్కానీ’ ఆ మదర్సా పేరే, చదువుకున్నవాళ్లు పెట్టుకునే బిరుదులాంటిది. ఈ ఒక్క ముక్క చెప్తే చాలు, పాఠకుడికి సగం దారి తెలుస్తుంది. 1973లో దావూద్ ఖాన్ తన బంధువైన రాజు జాహిర్ షాను దించేసి కాబూల్‌లో అధికారం పట్టాడు. ఆ ప్రభుత్వానికి ఎదురు తిరిగి సరిహద్దు దాటి ఉత్తర వజీరిస్తాన్‌లోని మీరాన్‌షా చేరినవాళ్లలో హక్కానీ ఒకడు. 1975లో దావూద్ మీద తిరుగుబాటుకు ప్రయత్నించారు, విఫలమైంది. అంటే రష్యన్లు రావడానికి నాలుగైదేళ్ల ముందే అతను ఆయుధం పట్టాడు, పాకిస్తాన్ గూఢచారి వ్యవస్థతో పరిచయం పెంచుకున్నాడు. రష్యన్ల రాకతో మొదలుపెడితే అతను ఇల్లు కాపాడుకోవడానికి లేచిన రైతులా కనిపిస్తాడు. అలాంటి రైతులు వేలల్లో ఉన్నారు, నిజమే. అతను అంతకుముందే లేచినవాడు.

ఇక దారి సంగతి. నీ పుస్తకంలో నాకు బాగా లోటు అనిపించింది ఇదే. పక్తియా, పక్తికా, ఖోస్త్ మూడూ కలిపి అక్కడివాళ్లు ‘లోయా పక్తియా’ అంటారు, పెద్ద పక్తియా అని. 1893లో ఇంగ్లీషువాళ్లు గీయించిన డ్యూరాండ్ రేఖ దానికి తూర్పున పోతుంది. గీతకు అటూ ఇటూ చుట్టాలు, పెళ్లిళ్లు, బేరసారాలు. మీరాన్‌షా బజారు నుంచి కొండదారిలో తూటాలు, పిండి, మందులు కంచరగాడిదల మీద లోపలికి వెళ్లాలి. అమెరికా డబ్బు, దానికి సమానంగా సౌదీ డబ్బు పాకిస్తాన్ ఐఎస్ఐ చేతికి వచ్చేవి. పెషావర్‌లో ముజాహిదీన్ పార్టీలు ఏడుండేవి. ఐఎస్ఐ వాళ్లకు పంచేది, వాళ్లు కమాండర్లకు పంచేవాళ్లు. హక్కానీ కాగితం మీద యూనస్ ఖాలిస్ పార్టీ మనిషి. కానీ అతనికి ఐఎస్ఐతోనే కాదు, సీఐఏతో కూడా నేరుగా లావాదేవీ ఉండేది. పైగా అరబ్బీ బాగా వచ్చు, గల్ఫ్‌లో దాతలున్నారు, ఒక అరబ్ మహిళను పెళ్లి చేసుకున్నాడు. కాబట్టి పెషావర్ నాయకుల ముందు చేయి చాచాల్సిన అవసరం లేని అతికొద్ది మంది కమాండర్లలో అతనొకడు. నువ్వు ‘అతని ధైర్యం చూసి జనం వెంట నడిచారు’ అని రాశావు. ధైర్యం ఉంది, కాదనను. దాంతోపాటు సామాను వచ్చే దారి, తెగ, మదర్సా, అరబ్ డబ్బు అన్నీ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. మీరాన్‌షా పక్కన దాందే దర్పఖేల్‌లో అతను పెట్టిన మదర్సాలో చదివిన పిల్లలే తర్వాత అతని మనుషులయ్యారు. ఇవన్నీ రాయి. బోరు కొడుతుందని భయపడకు. పిండి బస్తా ఎవరు మోశారో, కూలి ఎవరిచ్చారో చెప్తే యుద్ధం అర్థమవుతుంది.

జవార్ దగ్గరకు వద్దాం. నువ్వు మూడు పేజీల్లో దాటేశావు. నేనైతే ముప్పై పేజీలు రాస్తాను. ఖోస్త్‌కు దక్షిణాన, సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న లోయ అది, అతని స్థావరం. కొండను బుల్‌డోజర్లతో, పేలుడు మందుతో తొలిచి సొరంగాలు చేశారు. లోపల మసీదు, ఆయుధాల గోదాం, వర్క్‌షాపు, వైద్యం చేసే గది, వంటిల్లు, రేడియో, వచ్చిపోయేవాళ్లు పడుకోవడానికి వసతి. కరెంటుకు జనరేటర్. ఒక్కసారి ఆ జనరేటర్ పక్కన నిలబడి చూడు అమ్మాయీ. పొగ ఎటు పోతుంది? తడి రాతి గోడ మీద బల్బు వెలుగు ఎలా పడుతుంది? పైన రొట్టెల పొగ కనబడితే విమానం వస్తుందన్న భయంతో వంటవాడు ఏ వేళకు పొయ్యి వెలిగించి ఉంటాడు? వీటికి సమాధానాలు ఊహించి రాసేయమని అనడం లేదు. ఈ ప్రశ్నలు పట్టుకుని, ఆ రోజుల్లో అక్కడ ఉండి వచ్చినవాళ్ల వాంగ్మూలాలు చదువు. దొరికిందే రాయి.

1986 ఏప్రిల్‌లో కాబూల్ ప్రభుత్వ సైన్యం, రష్యన్ విమానాలు కలిసి జవార్ మీద పడ్డాయి. హెలికాప్టర్లలో వచ్చిన ప్రభుత్వ కమాండోల్లో కొందరు దారి తప్పి పాకిస్తాన్ భూమిలోనే దిగారు. గురి తప్పని బాంబులు సొరంగాల నోళ్లను కూల్చేశాయి. హక్కానీతో సహా నూటయాభై మంది దాకా లోపల చిక్కుకుపోయారు. విచిత్రమేమిటంటే ఆ తర్వాత పడిన బాంబులకే నోటికి అడ్డంగా ఉన్న మట్టీ రాళ్లూ చెదిరి దారి తెరుచుకుంది. అతను గాయపడి బయటపడ్డాడు. కానీ చనిపోయాడన్న పుకారు అతని కంటే ముందే కొండంతా పాకింది. మనుషులు చెల్లాచెదురయ్యారు. జవార్ ప్రభుత్వం చేతికి పోయింది. వాళ్లు కొద్ది గంటలే ఉండి, మందుపాతరలు పెట్టి వెళ్లిపోయారు. ముజాహిదీన్ మళ్లీ వచ్చి కూర్చున్నారు.

నువ్వు అక్కడ విజయగీతం పాడి అధ్యాయం ముగించావు. తర్వాత జరిగింది కూడా రాయి. పట్టుబడ్డ ప్రభుత్వ కమాండోలు వందల్లో ఉన్నారు. వాళ్లకు విచారణ జరిగింది, పెద్దలు న్యాయమూర్తులుగా కూర్చున్నారు. సిపాయిలకు చాకిరీ శిక్ష వేశారు. అధికారులను చంపేశారు. ఆ అధికారులు రష్యన్లు కారు, అఫ్ఘాన్లు. పష్తో, దరీ మాట్లాడేవాళ్లే. 1986లో ఈ పని చేసినప్పుడు ఎవరూ అతన్ని ఉగ్రవాది అనలేదు. టెక్సస్ నుంచి ఎన్నికైన అమెరికా కాంగ్రెస్ సభ్యుడు చార్లీ విల్సన్, మరుసటి ఏడాది అతని వెంట అఫ్ఘాన్ నేల మీదికి వెళ్లినవాడు, ఆ మనిషి రూపంలో మంచితనమే ఉందన్నట్టు మాట్లాడాడు. ఈ రెండూ ఒకే అధ్యాయంలో, పక్కపక్క పేజీల్లో పెట్టు. మధ్యలో నువ్వు ఏమీ అనకు. ఏడో అధ్యాయంలో రాబోయే మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో పాఠకుడు తనంతట తనే చూస్తాడు.

ఫొటో గురించి గట్టిగా చెప్పాలి. వైట్ హౌస్‌లో రీగన్ పక్కన గడ్డంతో, తలపాగాతో కూర్చున్న పెద్దమనిషి ఫొటోను ‘రీగన్‌తో హక్కానీ’ అని నీ నోట్సులో అంటించావు. ఆ ఫొటో ఆ పేరుతో ఏళ్ల తరబడి చేతులు మారింది, నేనూ చాలాకాలం నమ్మాను. అందులో ఉన్నది హక్కానీ కాదు, 1987లో వాషింగ్టన్ వెళ్లిన యూనస్ ఖాలిస్. నీ వాదనకు ఆ ఫొటో ఎంత చక్కగా కుదురుతుందో నాకు తెలుసు. అలా కుదిరినవాటినే రెండుసార్లు చూడాలి. అమెరికా అతనికి డబ్బిచ్చిందనడానికి ఆ ఫొటో అవసరం లేదు, వేరే ఆధారాలు చాలా ఉన్నాయి. ఒక్క తప్పు ఫొటో ఉంటే, ఆ ఆధారాలన్నిటినీ పాఠకుడు అనుమానిస్తాడు.

ఖోస్త్ ముట్టడి బాగా రాశావు. గర్దేజ్ నుంచి ఖోస్త్‌కు సుమారు వంద కిలోమీటర్ల రోడ్డు, మధ్యలో సాటుకందావ్ కనుమ, 1987 చివర్లో రష్యన్లు పెద్ద దాడి చేసి ఆ రోడ్డు తెరవడం, వాళ్లు వెనుదిరగ్గానే మళ్లీ మూసుకుపోవడం అన్నీ కళ్లకు కట్టాయి. 1991 మార్చి 31న ఖోస్త్ పడిపోయిన రోజును కూడా అంత శ్రద్ధగా రాయి. గెలిచినవాళ్లు ఊరిని దోచుకున్నారు. కాబూల్ అధ్యక్షుడు నజీబుల్లా ప్రభుత్వం నుంచి ముజాహిదీన్ గెలుచుకున్న మొదటి పెద్ద పట్టణం అది. మర్నాటి ఉదయం అక్కడ బజారు తెరిచిందా, ఎవరు తెరిచారు అని వెతుకు.

1992 నుంచి 2001 దాకా పెద్దగా సాగదీయక్కర్లేదు. కాబూల్‌లో ముజాహిదీన్ ప్రభుత్వం వస్తే న్యాయశాఖ మంత్రి అయ్యాడు. ముజాహిదీన్ నాయకులు హిక్మత్యార్, మసూద్ కొట్టుకుంటుంటే రాజీ కుదర్చబోయాడు, కుదరలేదు. ఆ కొట్లాటలో కాబూల్ నగరం బూడిదైంది. 1995లో తాలిబాన్ వైపు చేరాడు. వాళ్లు కాందహార్ కుర్రాళ్లు, ఇతను అప్పటికే పేరున్న కమాండర్. మంత్రి పదవి ఇచ్చారు కానీ లోపలి వలయంలోకి రానీయలేదు. అయితే ఒక నెల దగ్గర మాత్రం ఆగు. 2001 అక్టోబర్. అమెరికా బాంబులు పడుతున్నాయి. హక్కానీ ఇస్లామాబాద్ వచ్చాడు. పాత పరిచయాలున్నవాళ్లు ఇతను తాలిబాన్ అధినేత ముల్లా ఒమర్‌ను వదిలేసి తమ వైపు వస్తాడేమోనని ఆశపడ్డారు. రాలేదు. పోరాడతామని చెప్పి వెనక్కి వెళ్లాడు. అప్పటికి అతనికి అరవై దాటాయి. ఒకప్పుడు తనకు డబ్బిచ్చిన దేశం, తను తవ్వించిన కొండల మీదే 1998లో క్షిపణులు వేసింది, ఇప్పుడు బాంబులు వేస్తోంది. ఆ గదిలో అతనికి ఏం ఇవ్వజూపారు, దేనికి కాదన్నాడు? విశ్వాసమా, తెగలో పరువా, గెలిచే గుర్రం ఏదో ముసలి కమాండర్‌కు తెలిసిపోవడమా? నువ్వు ‘అహంకారం’ అని ఒక్కమాటలో తేల్చేశావు. ఆ మాట కొట్టేశాను. తెలియని చోట మూడు కారణాలూ పక్కపక్కన పెట్టు.

ఇప్పుడు 2008. ఈ భాగం రాసేటప్పుడు నా చేయి ఆగుతోంది. జులై 7, సోమవారం. పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతం. కాబూల్‌లో మన ఎంబసీ గేటు దగ్గర కారు బాంబు పేలింది. 58 మంది చనిపోయారు. మన బ్రిగేడియర్ రవిదత్ మెహతా, దౌత్యాధికారి వి. వెంకటేశ్వరరావు, ఇద్దరు ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు) జవాన్లు పోయారు. వెంకటేశ్వరరావు అన్న పేరు టెలిప్రింటర్ రోజుల నుంచి నేను లక్షసార్లు టైపు చేసిన పేరు. మన ప్రతి వీధిలోనూ ఉన్న పేరు. ఆ రోజు అది కాబూల్ డేట్‌లైన్ కింద వచ్చింది. మరణానంతరం వాళ్లకు కీర్తిచక్ర ఇచ్చారు. దాడి వెనక హక్కానీ నెట్‌వర్క్, అంటే అతని వర్గం, ఉందని, ఐఎస్ఐ సాయం ఉందని అమెరికా అధికారులు చెప్పారు.

నువ్వు మనవాళ్ల గురించి పేజీ రాశావు, మంచిది. మిగతా అందరినీ ‘పలువురు స్థానికులు’ అని ఒక్క మాటలో కట్టేశావు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది అఫ్ఘాన్లు. పొద్దున్నే వచ్చి వీసా కోసం క్యూలో నిలబడ్డవాళ్లు. అప్పట్లో కాబూల్ నుంచి మన దేశానికి జనం వైద్యానికి వచ్చేవాళ్లు, చదువుకు వచ్చేవాళ్లు. అంటే ఆ క్యూలో చేతిలో ఎక్స్‌రే కవరో, సర్టిఫికెట్ల ఫైలో పట్టుకున్నవాళ్లు ఉండి ఉంటారు. మన హైదరాబాద్ పాస్‌పోర్టు ఆఫీసు ముందు పొద్దున్నే నిలబడ్డవాళ్ల చేతుల్లో ఏముంటాయో నీకు తెలుసు. ఆ క్యూ నువ్వు రాయగలవు. ఈ పుస్తకంలో తెలుగు రచయితగా నువ్వు మాత్రమే ఇవ్వగలిగింది అదే అనిపిస్తోంది.

రెండు నెలలకు, సెప్టెంబర్ 8న, దాందే దర్పఖేల్‌లో హక్కానీ ఇంటి మీద, మదర్సా మీద అమెరికా డ్రోన్ క్షిపణులు పడ్డాయి. తండ్రీ, కొడుకు సిరాజుద్దీన్ ఇంట్లో లేరు. ఆడవాళ్లు, పిల్లలు చనిపోయారు. హక్కానీ భార్యల్లో ఒకరు, సోదరి ఉన్నారని వార్తలొచ్చాయి. నీ పుస్తకంలో ఇది లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు. ఇది రాస్తే అతని మీద జాలి కలుగుతుందేమో, కాబూల్ క్యూలో పోయినవాళ్లకు అన్యాయమవుతుందేమో అని భయపడి ఉంటావు. రాయి. అలాగని దీన్నీ దాన్నీ తక్కెడలో పెట్టి తూచకు. ‘అక్కడ అంతమంది, ఇక్కడ ఇంతమంది’ అన్న వాక్యం నీ పుస్తకంలో ఎక్కడా ఉండకూడదు. ఆ ఆడవాళ్లు బాంబు పెట్టలేదు, వీసా క్యూలో ఉన్నవాళ్లు డ్రోన్ పంపలేదు.

ఆడవాళ్ల మాట వచ్చింది గనక ఇంకొకటి. మూడు వందల పేజీల్లో నీకు ఒక్క ఆడమనిషి లేదు, ఒక చోట ‘తల్లి కన్నీరు’ తప్ప. ఎనభైల్లో ముప్పై లక్షల మందికి పైగా అఫ్ఘాన్లు పాకిస్తాన్‌లో శరణార్థులు. ఆ శిబిరాల్లో నీళ్లు మోసింది, పిల్లల్ని మదర్సాకు పంపాలా వద్దా అని మథనపడింది ఎవరు? మదర్సాలో పిల్లాడికి అన్నం పెడతారు, బట్టలిస్తారు. నలుగురు పిల్లల్లో ఒకణ్ణి పంపితే మిగతా ముగ్గురికీ రొట్టె సరిపోతుంది. కమాండర్‌కు సైన్యం ఎలా వచ్చిందన్న నీ ప్రశ్నకు ఒక సమాధానం ఆ గుడారంలో ఉంది.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉన్న ఒక ఇబ్బంది కూడా చెప్పేస్తాను. ‘కమాండర్’ అన్న మాట మనకు కొత్తది కాదు. దళాల కథలు చదివి పెరిగాం. అడవి, తూటా, అమరత్వం, ఎర్రటి స్తూపం, ఇవన్నీ ఆ మాట వెనకే వచ్చేస్తాయి. నీ రెండో అధ్యాయంలో హక్కానీ ‘పేదల పక్షాన’ నిలబడ్డాడు. ఏ ఆధారంతో? దావూద్‌ను, ఆ తర్వాత కమ్యూనిస్టులను అతను ఎదిరించింది మతం కోసం, తెగ స్వతంత్రం కోసం. 1978 తర్వాత కాబూల్ కమ్యూనిస్టులు భూములు పంచబోతే తిరగబడ్డ పల్లెల్లో భూస్వాములతో పాటు పేదలూ ఉన్నారు. మన దళం కథ ఆ కొండల మీద సరిపోదు. అలాగే పష్తూన్‌వలీ అనే పష్తూన్ల కట్టుబాటు గురించి నాలుగు పేజీలు రాసి, పగ, ఆతిథ్యం, శరణు అనే మూడు మాటలతో అతని ప్రతి నిర్ణయాన్నీ వివరించావు. అక్కడి ఆచారం అదే అయితే అందరు పష్తూన్లూ అతనిలాగే ఉండాలి కదా. అతనితో పోరాడిన నజీబుల్లా కూడా పక్తియా మూలాలున్న పష్తూనే.

అతని వర్గం పష్తోలో, అరబ్బీలో సొంత పత్రిక నడిపింది. అందులోంచి తీసుకున్నచోట అది వాళ్ల పత్రిక అని అక్కడికక్కడే చెప్పు, చివర పెట్టకు. శత్రువు గురించి వాళ్లు రాసిన అంకెలు నమ్మకు. తమ మనిషి ఫలానా ఊళ్లో చనిపోయాడని రాస్తే మాత్రం, ఆ ఊరి పేరు పనికొస్తుంది. అమెరికా వాళ్ల రిపోర్టుల విషయంలోనూ ఇదే పద్ధతి.

చావు వార్తల గురించి నా అనుభవం విను. 2015 ఎండాకాలంలో అతను ఏడాది క్రితమే పోయాడని వార్తలొచ్చాయి. అప్పటికి నేను రిటైరయ్యాను కానీ, పాత డెస్కు కుర్రాడు ఫోన్ చేసి ప్రొఫైల్ కావాలన్నాడు. గంటలో రాసిచ్చాను. తాలిబాన్ ఖండించింది. చివరికి 2018 సెప్టెంబర్ 4న వాళ్లే ప్రకటించారు, ఎప్పుడు ఎక్కడ పోయాడో స్పష్టంగా చెప్పకుండా. మూడేళ్లు ఆ ప్రొఫైల్ నా మెడకు చుట్టుకుంది. నీ పుస్తకంలో ‘తుది శ్వాస విడిచిన రాత్రి’ అని రెండు పేజీలున్నాయి. కిటికీలోంచి చంద్రుడు కూడా కనిపించాడు. ఆ రెండు పేజీలూ తీసెయ్. ప్రకటన వెలువడిన రోజు రాయి. ఆ రోజు కాబూల్‌లో రేడియో విన్నవాళ్లు ఏమన్నారో రాయి.

చివరి అధ్యాయం కొడుకులది. బద్రుద్దీన్ 2012లో డ్రోన్ దాడిలో పోయాడు, నసీరుద్దీన్ 2013లో ఇస్లామాబాద్ దగ్గర తుపాకీ కాల్పుల్లో. సిరాజుద్దీన్ 2021లో తాలిబాన్ ప్రభుత్వంలో హోంమంత్రి అయ్యాడు. అతని ముఖం స్పష్టంగా కనిపించే ఫొటో లోకానికి దొరికింది 2022 మార్చిలో, పోలీసుల పాసింగ్ అవుట్ పరేడ్‌లో. నువ్వు ఈ సంగతి ఒక వాక్యంలో రాసి వదిలేశావు. అక్కడ ఆగు. పదిహేనేళ్ల పాటు కాబూల్ పోలీసులు ఎవరి బాంబులకు బలయ్యారో, ఆ మనిషికి సెల్యూట్ కొట్టిన కొత్త పోలీసుల వరుస అది. వాళ్ల యూనిఫాం, నిలబడ్డ తీరు, అతని శాలువా అన్నీ వీడియోలో ఉన్నాయి. ఎన్నిసార్లైనా చూడు.

2024 డిసెంబర్‌లో జలాలుద్దీన్ తమ్ముడు ఖలీల్, శరణార్థుల శాఖ మంత్రి, తన కార్యాలయంలోనే ఆత్మాహుతి దాడిలో చనిపోయాడు. దాని కింద నువ్వు ‘చేసుకున్నవాడికి చేసుకున్నంత’ అని రాసి పుస్తకం ముగించావు. ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టాను. క్షమించు, కాగితం కాస్త చిరిగింది. ఆ దాడిలో అతనితో పాటు ఇంకా కొందరు పోయారు. ఆ సామెత వాళ్లకు ఎలా చెప్తావు?

మొత్తం ఒకేసారి తిరగరాయకు, నీరసం వస్తుంది. ముందు వీసా క్యూ రాసి పంపు. తర్వాత జవార్. గుహలోంచి పులి దూకే మొదటి పేజీ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ఈ కవర్లోనే నా పాత మ్యాపు ఒకటి పెడుతున్నాను. గర్దేజ్–ఖోస్త్ రోడ్డు, సాటుకందావ్ కనుమ, ఇవతల మీరాన్‌షా అన్నీ అందులో ఉన్నాయి. ఎర్ర పెన్సిల్ గుర్తులు నావి, 1988 నాటివి. జవార్‌ను తప్పు లోయలో గుర్తుపెట్టాను, నీ రాతప్రతి చదువుతుంటేనే తెలిసింది. సరైన చోటు నీలం ఇంకుతో దిద్దాను. మడత దగ్గర బాగా నలిగింది, నెమ్మదిగా విప్పు.

అమ్మకు, నాన్నకు నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మాస్టారు